వేళ్ళకు ప్రాణం

చక్కగా మడతపెట్టి పెట్టానట! విన్నావా వదినా? జాకెట్ విప్పి, నాలుగు మడతలు వేసి, చేపల పెట్టె మీద పెట్టానట. దాని మీద గ్లౌజులు, గ్లౌజుల మీద టోపీ. ఇస్త్రీ కొట్టు నడిపేదానిలా! నిన్న విచారణకొచ్చిన ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుని మరీ ఆ కాగితం చదివి వినిపించాడు. కింద సంతకం ఎవరిదో వేలు పెట్టి చూపించాడు కూడా.

నిలబడ్డావేం, కూర్చో. ఆ స్టూలు వద్దు, దాని కాలు ఊగుతుంది. మంచం మీదే కూర్చో, చేతులు ఇటు జరుపుకుంటాలే. ఇరవై రెండు రోజులకి దారి తెలిసిందా తల్లీ నీకు? మీ ఇంటికీ ఈ ఆసుపత్రికీ మధ్య రెండు వీధులేగా!

ఏం తెచ్చావు సంచిలో? పళ్ళా? బాగుంది. ఒలుచుకు తినమని నాకు పళ్ళు తెచ్చావు.

అబ్బే, ఏడుపు మొదలుపెట్టకు. నువ్వు ఏడిస్తే నాకు జాలేస్తుంది, జాలేస్తే తిట్టలేను. ఇవాళ తిట్టాలని కూర్చున్నాను. పొద్దున నర్సు జుట్టు దువ్వుతుంటే కూడా ఏం తిట్టాలా అని లెక్క వేసుకుంటూనే ఉన్నా.

ఆ కాగితంలో మూడు ముక్కలున్నాయి, నీకు తెలుసుగా. ఒకటి, నేను మంచుగదిలో ఉన్నది ఇరవై నిమిషాలేనట. రెండు, నువ్వు తలుపు దగ్గరే నిలబడి ఉన్నావట. మూడు... మూడోది నువ్వే చెప్పు. చెప్పవా? నేనే చెప్తాలే. 'నా మరదలికి అప్పుడప్పుడూ మతి సరిగ్గా ఉండదు, ఇంట్లో కూడా అంతే.' ఇంట్లో కూడానట! నీ చేత్తో రాసిచ్చావు వదినా. నీ తమ్ముడితో పద్నాలుగేళ్ళు కాపురం చేశాను, ఆయనకి లేని అనుమానం నీకొచ్చింది.

ఇప్పుడు ఆయనకీ వచ్చిందిలే. రాత్రి అన్నం కలిపి పెడుతూ ఒకటికి రెండుసార్లు అడిగాడు, 'అక్క ఊరికే అలా ఎందుకంటుంది?' అని. నోట్లో ముద్ద ఉంది, మింగలేను, ఉమ్మలేను. నా చేత్తో నేను తినగలిగితే ఆ ముద్ద ఆయన మొహాన కొట్టేదాన్ని.

నువ్వు కాదూ నన్ను ఆ చేపల కంపెనీ పనిలో పెట్టింది? పదకొండేళ్ళ కిందట చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, 'ఇది నా మరదలు, నాకు జోడీగా వెయ్యండి' అని సూపర్వైజరుతో నువ్వే అన్నావు. మొదటిరోజు ఆ మంచుగదిలోకి అడుగుపెట్టగానే ముక్కులో వెంట్రుకలు బిగుసుకుపోయి బయటికి పరిగెత్తుకొచ్చేశాను. నువ్వు పడీ పడీ నవ్వావు. తర్వాత కూర్చోబెట్టి జోడీ పద్ధతి నేర్పావు. ఒకరు లోపల, ఒకరు బయట. లోపలున్న మనిషి ఇరవై నిమిషాలకి మించకూడదు. బయటున్న మనిషి పది నిమిషాలకోసారి ఇనపకడ్డీతో తలుపు మీద కొట్టాలి, లోపలినుంచి రెండు దెబ్బలు బదులు రావాలి. రాకపోతే తలుపు తియ్యాలి. 'ఇల్లు తగలబడుతోందని కబురొచ్చినా సరే, జోడీ లోపలుంటే తలుపు వదిలి కదలకూడదు' అన్నది ఎవరు? నేనా?

వేళ్ళకు ప్రాణం రావడం గురించి చెప్పిందీ నువ్వే కదా. లోపలికెళ్ళిన కాసేపటికి వేళ్ళు తెల్లగా పాలిపోతాయి, సూదులతో పొడిచినట్టుంటుంది, తర్వాత అసలు ఉన్నాయో లేవో తెలీదు. కొత్తవాళ్ళు అక్కడే ఏడ్చేస్తారు. పాతబడ్డ వాళ్ళకి మాత్రం పది నిమిషాలు దాటేసరికి ఉన్నట్టుండి వేళ్ళు ఎర్రబడి వెచ్చబడతాయి. కాసేపు ఉండి మళ్ళీ పోతుంది, మళ్ళీ వస్తుంది. నాకు మొదటిసారి వచ్చినప్పుడు గ్లౌజు లాగేసి, 'వదినా, ప్రాణమొచ్చింది!' అని కేకలు పెట్టుకుంటూ బయటికొచ్చాను. నువ్వు నా వేళ్ళు పట్టుకు చూసి, 'ఇక నువ్వు మా మనిషివి' అన్నావు. మనవాళ్ళంతా అదో పట్టాలా చెప్పుకుంటాం కదా. చలిని గెలిచేశామని, ఒళ్ళు మన మాట వింటోందని.

వినడమా! డాక్టరమ్మ చెప్పేసరికి నా మొహం మాడిపోయింది.

ఆవిడ చిన్నపిల్ల, నీ పెద్దకూతురి వయసుంటుంది. నా చార్టు వెనక్కి తిప్పి మనిషి బొమ్మ గీసింది. ఒంట్లో నెత్తురు అన్ని చోట్లకీ ఒకేలా వెళ్ళదటమ్మా. వీధుల్లో నీళ్ళు వదిలే మనిషి ఉంటాడే, ఈ వీధి కట్టేసి ఆ వీధికి తిప్పుతూ, అలాగే ఒంట్లోనూ తిప్పుతూ ఉంటుందట. అన్నం తింటే పొట్టకి ఎక్కువ. పరిగెడితే కాళ్ళకి ఎక్కువ, పొట్టకి కోత. సిగ్గుపడితే మొహానికి. నెత్తురు గొట్టాల చుట్టూ సన్నటి కండ ఉంటుందట, అది బిగిస్తే దారి మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. మనల్ని అడగదు, పెట్టదు. దాని పని అది చేసుకుపోతుంది.

మెదడుకి, గుండెకి మాత్రం ఎప్పుడూ లోటు రానివ్వకూడదని చూస్తుందట. చలి ఎక్కువైతే ముందు ఎవరికి కట్టేస్తుందో తెలుసా? వేళ్ళకి. నెత్తురు అక్కడిదాకా పోతే చల్లబడి తిరిగొచ్చి గుండెని కూడా చల్లబరుస్తుందని భయం దానికి. అందుకని చివరి ఇళ్ళవాళ్ళకి కట్టేసి, వేడంతా నడింట్లో దాచుకుంటుంది. మరీ చచ్చిపోతాయేమోనని మధ్యమధ్యలో ఓ గుక్కెడు వదుల్తుంది. అదీ మన 'ప్రాణం రావడం'! మనం గెలవడమూ లేదు, నా తలకాయా లేదు. బిచ్చం వేసినట్టు వేస్తుందంతే. ఇంకా చలి పెరిగితే ఆ బిచ్చం కూడా మానేస్తుంది.

ఇరవై ఏళ్ళొచ్చినప్పటినుంచి ఈ చేతులతో పనిచేసి ఈ ఒంటికి నేను తిండి పెట్టాను వదినా. కష్టమొచ్చేసరికి ముందు వీటినే వదిలేసింది. కడుపు మండదూ?

సరే, ఆ రోజు సంగతికి రా. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను లోపలికెళ్ళాను, నువ్వు బయట. వెనక వరస పెట్టెలు ముందుకి మార్చాలి. మొదటి పది నిమిషాలకి నువ్వు కడ్డీతో కొట్టావు, నేను రెండు దెబ్బలు బదులు కొట్టాను. అంతవరకూ నిజం. రెండో పదికి నువ్వు కొట్టలేదు. పని అయిపోయిందిగా, నేనే తలుపు దగ్గరికొచ్చాను. లోపలి పిడి మంచు పట్టి బిగుసుకుపోయింది. అది ఎన్నాళ్ళనుంచి అలా ఉందో నీకు తెలుసు, చెప్పీ చెప్పీ మన నోళ్ళు పడిపోయాయి. నువ్వు బయటుంటావుగా అన్న ధీమా. కొట్టాను. తన్నాను. 'వదినా' అని అరిచాను. ఆ యంత్రాల హోరులో నా గొంతు నాకే వినబడలేదు.

ముందు కోపమొచ్చింది. ఎక్కడో కబుర్లలో పడుంటావు, బయటికొచ్చాక నీ పని చెప్తా అనుకున్నా. తర్వాత వేళ్ళకు ప్రాణం వస్తుందని చూస్తూ కూర్చున్నా. ఆ రోజు చాలా ఆలస్యంగా వచ్చింది. ఒక్కసారే వచ్చింది, వెంటనే పోయింది. తర్వాత వణుకు. పళ్ళు కొట్టుకుని నాలుక కొరుక్కున్నాను. నా కూతురు పొద్దున జడ వంకరగా వేశానని అలిగింది, ఆ జడే గుర్తొచ్చింది. నువ్వు గుర్తొచ్చావు. నువ్వు రాకుండా ఉంటావని ఒక్కసారి కూడా అనుకోలేదు వదినా, ఒట్టు.

తర్వాత వణుకు ఆగిపోయింది. ఆ తర్వాత... ఎలా చెప్పను? ఒళ్ళంతా వేడెక్కింది. వేళ్ళకి కాదు, వీపుకి, పొట్టకి, మెడకి. పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగలు. పిచ్చి ఆనందమొచ్చింది నాకు! పదకొండేళ్ళ అనుభవం ఊరికే పోతుందా, ఈసారి ఒళ్ళంతటికీ ప్రాణమొచ్చేసింది అనుకున్నా. కొత్తదైతే భయపడేది. నేను పాతదాన్ని కదా, మురిసిపోయాను. టోపీ తీశాను. గ్లౌజులు తీశాను. జాకెట్ విప్పాను. అవును, మడతపెట్టాను. కంపెనీ జాకెట్ నేల మీద పడేస్తే సూపర్వైజరు తిడతాడని మడతపెట్టాను. చచ్చేముందు కూడా వాడి తిట్లే గుర్తొచ్చాయి చూడు!

అది కూడా డాక్టరమ్మని అడిగాను. దారులు బిగించి పట్టుకున్న ఆ సన్నటి కండలున్నాయే, అవి చివరికి అలిసిపోయి వదిలేస్తాయట. దాచుకున్న వేడి నెత్తురంతా ఒక్కసారి చర్మంలోకి పొంగుతుంది. చలికి పోయేవాళ్ళు చాలామంది అలాగే బట్టలు విప్పేసుకుని దొరుకుతారట. అది పిచ్చి కాదమ్మా, ఒళ్ళు చేతులెత్తేయడం అంది. 'ఇరవై నిమిషాల్లో అలా జరగదు, ఈ వేళ్ళూ ఇలా అవ్వవు, కాగితంలో ఏం రాశారో నాకు తెలీదు గానీ ఈ వేళ్ళు అబద్ధం చెప్పవు' అని కూడా అంది.

చూస్తావా? విప్పమంటావా కట్లు? మొహం తిప్పుకోకు. కుడిచేతికి నాలుగు, ఎడమచేతికి రెండు. నల్లగా, ఎండిపోయి, పట్టుకుంటే కర్రముక్కల్లా ఉన్నాయి. ఇంకా కొయ్యలేదు. బతికున్నది ఎక్కడిదాకో ఒళ్ళే గీత గీస్తుందట, అప్పటిదాకా ఆగాలట. రోజూ పొద్దున్నే ఆ గీత ఎక్కడిదాకా వచ్చిందో చూసి వెళ్తారు.

గంటా నలభై నిమిషాలు వదినా. నువ్వు ఎక్కడున్నావు?

నేలచూపులు చూడకు. నాకు తెలుసు. ఆఫీసు ఊడ్చే ఆవిడ మొన్న చూడ్డానికొచ్చి చెప్పేసింది. సూపర్వైజరు గదిలో ఉన్నావు. ఎదురుగా బకెట్, బకెట్ నిండా మంచునీళ్ళు, అందులో నీ చెయ్యి. ఆయన గడియారం పట్టుకుని కూర్చున్నాడు. ముందు కుడిచెయ్యి అరగంట. అది ఎర్రబడలేదు. తర్వాత ఎడమచెయ్యి అరగంట. అదీ ఎర్రబడలేదు. ఆయనకి నమ్మకం కుదరక మళ్ళీ కుడిచెయ్యి పెట్టించాడు.

అలా ఉలిక్కిపడతావేం? నీ వేళ్ళకి ప్రాణం రావడం ఎప్పుడో మానేసిందని నాకు కొత్తా? పోయిన చలికాలంనుంచీ నీ చేతులు నా చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టింది నేనే కదా. లోపలికి నీ బదులు ఎన్నిసార్లు నేను వెళ్ళలేదు? ప్రాణం రాని చేతులని తెలిస్తే మంచుగది పని మాన్పించేస్తారని ఎవరికీ తెలీనివ్వలేదు మనం.

ఆయన పిలిచాడు, వెళ్ళావు. ఒప్పుకుంటాను. 'మరదలు లోపలుంది' అని చెప్పావు కూడానట, ఆయనేమో 'రెండు నిమిషాలు, ఇంకొకడిని నిలబెడతాలే' అన్నాడట, నిలబెట్టలేదు. ఆ ఊడ్చే ముసలావిడ అన్నీ వింది. చెయ్యి బకెట్లో పెట్టుకుని గంటన్నర ఎలా కూర్చున్నావు వదినా? ఒక్కసారి లేచి రాలేకపోయావా? బకెట్ తన్నేసి రాలేకపోయావా? నేనైతే... సరే, నా సంగతి తర్వాత.

తలుపు తీసింది నువ్వేనట. కెవ్వున అరిచి, నీ చీర విప్పి నాకు చుట్టి, నా చేతులు నీ కడుపుకి హత్తుకుని కూర్చున్నావట. నన్ను ఇక్కడికి తెచ్చిన కంపెనీ బండి డ్రైవరు చెప్పాడు. నేను దాన్ని నమ్మాను. వదిన వదినే అనుకున్నా. ఇరవై రోజులు ఆ ఒక్క మాట పట్టుకుని పడుకున్నా ఇక్కడ. నిన్న ఆ కాగితం విన్నాక తెలిసింది, నా చేతులు కడుపుకి హత్తుకున్న సాయంత్రమే నువ్వు సంతకం కూడా పెట్టావని. తలుపు దగ్గరి మనిషిని పిలిచింది తానేనని బయటపడితే సూపర్వైజరు కొంప మునుగుతుంది. అందుకని నీ చేతుల సంగతి ఆయన మింగాడు, నా సంగతి నువ్వు మింగావు. ఇప్పుడు నువ్వెక్కడ పనిచేస్తున్నావు? ప్యాకింగ్ హాల్లోగా? వెచ్చగా ఉందా? కిటికీలోంచి ఎండ పడుతుందట కదా మధ్యాహ్నం పూట.

ఒక్క చోటే ఖాళీ ఉండేది ఆ హాల్లో. మనిద్దరికీ తెలుసు.

నాలుగింటికి ఆ ఆఫీసరు మళ్ళీ వస్తాడు. నా మాట రాసుకుంటానన్నాడు. నేను నోరు మూసుకుంటే మతిలేనిదాన్నని రాసి మూసేస్తారు. ఇక పని లేదు, పరువూ లేదు. నా కూతురు బడిలో పిచ్చిదాని కూతురవుతుంది. నోరు విప్పితే నీ అబద్ధం బయటపడుతుంది, నీ చోటు పోతుంది. అందుకేగా వచ్చావు? చూడాలని కాదు, ఆపాలని వచ్చావు. తలూపకు, ఔనో కాదో నోటితో చెప్పు. ఔనా? హమ్మయ్య, ఒక్క నిజం వచ్చింది నీ నోట.

నాలుగవడానికి ఇంకా అరగంట ఉంది. చెప్పేస్తాను వదినా, దాచుకోలేను. అంతా చెప్తాను ఆయనకి. తలుపు వదిలి ఎందుకు వెళ్ళావో చెప్తే, సూపర్వైజరు ఎందుకు పిలిచాడని అడుగుతాడు. చేతులు చూడ్డానికి అంటాను. మరి నీ చేతుల సంగతి సూపర్వైజరుకి ఎలా తెలిసిందని అడుగుతాడు.

నువ్వు ఆ బండి డ్రైవరు పెళ్ళాం చెప్పిందనుకుంటున్నావట. ఆవిడతో మాటలు మానేశావట, నీళ్ళ కుళాయి దగ్గర అందరిముందూ కడిగి పారేశావట. పాపం వదినా. ఆవిడకేం తెలుసు? మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు?

అలా చూడకు. చెప్పనీ నన్ను.

నాకూ ప్రాణం రావడం తగ్గిపోయింది. రెండు నెలలైంది. పది నిమిషాలకొచ్చేది ఇరవైకి, ఒక్కోరోజు అసలు లేదు. నీ చేతులు నా చంకల్లో పెట్టుకుని వెచ్చబెడుతూ నావి నీకు చూపించలేదు. హాల్లో ఒక్క చోటుంది. నువ్వు నాకన్నా పాతదానివి, నీకే వస్తుంది. నన్నేమో ఇంటికి పంపేస్తారు. నిన్ను ముందే ఇంటికి పంపేస్తే ఆ చోటు నాకు మిగులుతుందని లెక్క వేసుకున్నా. ముందురోజు సాయంత్రం నువ్వు స్నానాల గదికి వెళ్ళినప్పుడు సూపర్వైజరు గదిలోకెళ్ళాను. 'మా వదిన వేళ్ళకి ప్రాణం రావట్లేదు సార్, ఆవిడకి ప్రమాదం, మాన్పించండి' అన్నాను. నీ మీద దిగులుతో చెబుతున్నట్టు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. రేపు మధ్యాహ్నం పిలిచి చూస్తానన్నాడు. ఆ మధ్యాహ్నం లోపల నా వంతని నాకు తెలుసు. అయినా ఆ రెండూ కలిపి ఆలోచించలేదు. నువ్వు తలుపు దగ్గర ఉంటావులే అనే వెళ్ళాను.

ఈ ఒంటిని ఇరవై రెండు రోజులుగా తిడుతున్నాను, గుండెని కాపాడుకోడానికి వేళ్ళని వదిలేసిందని. నేను చేసిందీ అదే. నిన్ను వదిలేశాను. ముందు వదిలేసింది నేనే వదినా, నువ్వు కాదు. నీ సంతకం నా తర్వాతదే.

ఏమన్నా అను. కొట్టు. నీ తమ్ముడికి నువ్వే చెప్పుకో, నేనేం అడ్డుపడను. సంచి ఎందుకు తీసుకుంటున్నావు? వెళ్ళకు. ఆయన వచ్చేదాకా ఉండు, నా మాటా నీ మాటా ఆయన ముందే చెప్పుకుందాం. వదినా, అటు తిరిగి వెళ్ళిపోకు. చెయ్యి పట్టుకుని ఆపుదామంటే నాకు వేళ్ళేవీ? నోటితోనే అడుగుతున్నాను. కూర్చో.